బెజవాడ ఊపిరితిత్తులతో మంచు దారుల అల్ట్రాకి

"నీకు ఆయాసం ఉందిగా, మళ్ళీ ఆ మంచులో పరుగేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. "కృష్ణ కరకట్ట మీద ముప్పై కిలోమీటర్లు పంపు (ఇన్‌హేలర్) తియ్యకుండా కొట్టేస్తున్నా అన్నా, అక్కడ మాత్రం ఏమవుద్ది?" అని రన్నింగ్ గ్రూపుల్లో కుర్రాళ్ళు అడుగుతారు. పెద్దవాళ్ళకి జవాబు చెప్పడం తేలికే. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది, 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అది చాలా ఏళ్ళు ఎవరికీ అందలేదు. నాకు భయం వేసేది కుర్రాళ్ళ ప్రశ్నకే. అందులో సగం నిజం ఉంది మరి.

ముందు ఏ అల్ట్రాల గురించి, అంటే మారథాన్‌ని మించిన ఏ పొడుగు పరుగు పందేల గురించి మాట్లాడుకుంటున్నామో చెప్పుకుందాం. ఇంగ్లండ్‌లో స్పైన్ రేస్ అని ఒకటి 2012 నుంచి నడుస్తోంది. నడి జనవరిలో, అంటే మనకి సంక్రాంతి రోజుల్లో, పెన్నైన్ వే అనే కాలిబాట మీద 268 మైళ్ళు, మన లెక్కలో 430 కిలోమీటర్ల పైన, గడువు 168 గంటలు. 2019లో జాస్మిన్ పారిస్ దాన్ని 83 గంటల 12 నిమిషాల్లో ముగించి ఆడామగా అందరికంటే ముందు వచ్చింది. కెనడాలో యూకాన్ ఆర్కిటిక్ అల్ట్రా, అలాస్కాలో ఇడిటరాడ్ ట్రెయిల్ ఇన్విటేషనల్ ఇంకా మొరటువి, అక్కడ సున్నాకి కింద ముప్పై, నలభై డిగ్రీలు కూడా చూడాల్సి వస్తుంది. మన దేశంలో డార్జిలింగ్ వైపు సందక్‌ఫు మీదుగా ఐదు రోజులు సాగే హిమాలయన్ 100 మైల్ స్టేజ్ రేస్ ఉంది. అది నడి శీతాకాలంలో జరగదు, అయినా 3,636 మీటర్ల ఎత్తులో తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్ళు "చలిగాలి పడదు" అంటారు కదా, ఆ మాటలో చలి కంటే గాలిలోని పొడితనానిదే పెద్ద పాత్ర. మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల లోపలి గాలి సంచుల దాకా చేరేసరికి 37 డిగ్రీల వేడెక్కాలి, పూర్తిగా తేమ పట్టాలి. ఆ తేమ ఎక్కడి నుంచి వస్తుంది? శ్వాసనాళాల లోపలి గోడ మీద ఉండే పల్చటి నీటి పొర నుంచే. మామూలుగా కూర్చున్నప్పుడు ఈ పనంతా ముక్కే చూసుకుంటుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు నోటితో పీలుస్తాం, గాలి ముక్కుని తప్పించుకుని నేరుగా కిందికి పోతుంది, అక్కడి సన్నటి నాళాలు తమ నీళ్ళు తాము ఇచ్చుకోవాల్సి వస్తుంది. గాలికి ఆరేసిన తువ్వాల్లాగా ఆ పొర ఆరిపోతుంది, మిగిలిన నీటిలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది, అది చూసి మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ లాంటి రసాయనాలు వదులుతాయి, నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళ కండరాలు ముందే ఉలికిపాటు మీద ఉంటాయి కాబట్టి వాళ్ళకి పిల్లికూతలు మొదలవుతాయి. చల్లబడ్డ నాళాలు మళ్ళీ వేడెక్కేటప్పుడు అక్కడి రక్తనాళాలు ఉబ్బడం కూడా కొంత కారణమని అంటారు, కానీ పెద్ద దొంగ మాత్రం పొడితనమే.

లెక్క వేస్తే కుర్రాళ్ళ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 37 డిగ్రీల దగ్గర తేమతో నిండిన లీటరు గాలిలో 44 మిల్లీగ్రాముల నీరు ఉంటుంది. వానాకాలం ఉదయం బెజవాడలో 27 డిగ్రీలు, 90 శాతం తేమ అనుకుంటే బయటి గాలే లీటరుకి 23 మిల్లీగ్రాముల దాకా తెస్తుంది, మన నాళాలు ఇవ్వాల్సింది 21. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలు, అంతే తేమ అనుకుంటే గాలి తెచ్చేది 15 పైచిలుకు, మనం కలపాల్సింది 28. సున్నా డిగ్రీల దగ్గర గాలి ఎంత తడిగా ఉన్నా, కళ్ళ ముందు మంచు తెర కట్టినా, అందులో ఉండగలిగే నీటి ఆవిరి 5 మిల్లీగ్రాముల లోపే. అంటే 39 మనవే. సున్నాకి కింద ఇరవైలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. కృష్ణ ఒడ్డున పంపు అవసరం రాలేదంటే జబ్బు తగ్గిందని కాదు, సగం పని కృష్ణ మీది గాలే చేసిపెడుతోంది. పైగా ఇక్కడ రెండు మూడు గంటలు పరిగెత్తి ఇంటికొచ్చి టిఫిన్ తింటాం, అక్కడ రోజుకి పద్దెనిమిది గంటలు బయటే ఉండాలి.

ఇదే లెక్కలో ఒక తమాషా ఉంది. 24 డిగ్రీల ఏసీ జిమ్‌లో తేమ 50 శాతం ఉంటే లీటరుకి 11 మిల్లీగ్రాములే వస్తాయి, లోటు 33. అంటే చలికాలం కరకట్ట కంటే ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్లే మంచు గాలికి దగ్గరి పరీక్ష. బయట హాయిగా పరిగెత్తి జిమ్‌లో మాత్రం దగ్గు వస్తుందనేవాళ్ళు ఉంటారు, వాళ్ళు జిమ్ దుమ్మునో కార్పెట్‌నో తిడుతుంటారు. కాస్త ఖర్చు పెట్టుకోగలిగితే డిసెంబరు, జనవరుల్లో లంబసింగి వైపు వెళ్ళి నాలుగు రోజులు తెల్లవారుజామున పరిగెత్తడం ఇంకా మంచిది. మన రాష్ట్రంలో సున్నాకి దగ్గరగా వెళ్ళే గాలి దొరికేది ఆ కొండల్లోనే. డాక్టర్ దగ్గర చేయించే స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష కూర్చుని ఊదితే మామూలుగా రావచ్చు, అది చూసి మురిసిపోకూడదు. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు గట్టిగా పరిగెత్తించి, ఆపాక అరగంట వరకూ మళ్ళీ మళ్ళీ ఊదించి, మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతం లేదా ఇంకా ఎక్కువ పడిపోతోందా అని చూడాలి. అలా చేయమని మనమే అడగాలి.

అలాగని బెజవాడ గాలి అమృతం అనట్లేదు. ఇక్కడి బాధ వేరు. చలికాలం తెల్లవారుజామున పొగ నేలకి అంటిపెట్టుకుని ఉంటుంది, పైకి లేవదు. కోతలయ్యాక డెల్టా పొలాల్లో గడ్డి తగలబెడతారు, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ బూడిద, హైవే మీద లారీల దుమ్ము, భోగి నాడు టైర్లు కూడా వేసే మంటలు. గుంటూరు వాళ్ళకి మిర్చి యార్డు సంగతి చెప్పనక్కర్లేదు, సీజన్‌లో ఆ రోడ్డున పోతే ఉబ్బసం లేనివాడికే దగ్గు వస్తుంది. ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ. పొగ, ఘాటు, పుప్పొడి నాళాల్లో వాపు పెంచుతాయి, ఆ వాపు రోజుల తరబడి ఉంటుంది. జనవరి రేస్‌కి వెళ్ళేవాడి ఆఖరి నెల ట్రైనింగ్ సరిగ్గా ఈ పొగల్లోనే పడుతుంది, అంటే నాళాలు వాచిపోయి ఉన్నప్పుడు పొడిగాలిలోకి దిగుతాడు. అందుకే ఆ నెలలో తెల్లవారుజామున ఐదింటికే పరిగెత్తాలనే పట్టుదల వదిలేసి, ఎండ ఎక్కి పొగ లేచాక ఎనిమిదింటికో, సాయంత్రమో పరిగెత్తడం, రోడ్డు వదిలి మూలపాడు అడవి వైపో కొండవీడు ఘాట్ మీదకో పోవడం మేలు. రేస్ పండగ తర్వాతైతే, భోగి నాడు ఊరికే ఇంట్లో కూర్చున్నా కొంపలేం మునగవు.

వేగం, లీటర్లు

కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. తాపీగా జాగింగ్ చేస్తే 40, 50, ఆయాసపడుతూ పరిగెత్తితే 100 దాటుతుంది. నాళాలు ఎంత ఆరిపోతాయన్నది ఈ లీటర్ల మీదే ఆధారపడుతుంది, ఎన్ని కిలోమీటర్లన్నది తర్వాతి మాట. అందుకే చలిలో పది కిలోమీటర్ల రేస్ కంటే రోజుల తరబడి సాగే అల్ట్రా ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఒక రకంగా సుఖం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఆయాసపడేంత వేగంతో పోరు, ఎక్కులన్నీ నడకే. అయితే నిమిషానికి 50 లీటర్ల చొప్పున పది గంటలంటే 30,000 లీటర్లు. సున్నా డిగ్రీల గాలికి లీటరుకి 39 మిల్లీగ్రాములు కలుపుతూ పోతే లీటరు పైన నీళ్ళు, అందులో కొంత ఊపిరి వదిలేటప్పుడు తిరిగి దక్కుతుందనుకోండి. రోజురోజుకీ గొంతు గరగరలాడుతూ మూడో రోజుకి అందరూ దగ్గుతూ కనిపించడానికి ఇదొక కారణం, ఉబ్బసం లేనివాళ్ళు కూడా.

దీని నుంచి తేలేది ఏంటంటే, ఉబ్బసం ఉన్నవాడికి ట్రైనింగ్ కూడా మందే. ఫిట్‌నెస్ పెరిగితే అదే వేగానికి తక్కువ గాలి చాలు, తక్కువ గాలి అంటే తక్కువ ఆరడం. "ఆయాసం ఉంది కాబట్టి పరిగెత్తకు" అనే మాట ఇక్కడే తిరగబడుతుంది. రేస్‌లో మాత్రం ఒక్కటే కొలత పెట్టుకోవాలి: పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, ఎక్కులో కూడా. గడియారం చూపించే హృదయ స్పందన మీద ఆధారపడితే కష్టం, పంపు వేశాక గుండె ఎలాగూ వేగంగా కొట్టుకుంటుంది, రెండు రాత్రులు నిద్ర లేకపోతే ఆ అంకె ఇంకా అర్థం లేకుండా పోతుంది.

ఆగినప్పుడే అసలు గొడవ

దీన్ని చాలామంది పట్టించుకోరు. పరుగు వల్ల వచ్చే బిగుతు పరిగెత్తేటప్పటి కంటే ఆగాక ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య ఎక్కువగా ఉంటుంది, చాలామందిలో అరగంట, గంటలో దానంతట అదే దిగుతుంది. ఒక్కరోజు రేస్‌లో ఒక్కసారే ఆగుతాం, మెడల్ మెళ్ళో వేసుకుని కాసేపు దగ్గి ఇంటికెళ్తాం. రోజుల తరబడి సాగే దాంట్లో దారిలో తిండికీ నిద్రకీ ఆగే ప్రతి చెక్‌పాయింట్ ఒక ఫినిష్ లైనే. బయట గడ్డకట్టే గాలి నుంచి హీటర్ పెట్టిన హాల్లోకి వస్తారు, అక్కడ తడి సాక్సులు, స్లీపింగ్ బ్యాగుల దుమ్ము, గ్యాస్ పొయ్యి, కొన్నిచోట్ల కట్టెల పొగ, దగ్గే జనం. సూప్ గిన్నె చేతికి వచ్చేసరికి ఛాతీ బిగుసుకుంటుంది. ఓపిక అయిపోయిందేమో, నెమ్ము చేసిందేమో అని భయపడి అక్కడే రేస్ వదిలేస్తారు. మరో అరగంట కూర్చుంటే దిగిపోయే బిగుతు అది కావచ్చు.

కాబట్టి చెక్‌పాయింట్‌కి చివరి కిలోమీటరు నడిచే రావాలి, మూతికి కట్టుకున్నది విప్పకుండానే లోపలికి రావాలి, హీటర్ పక్కన కాకుండా తలుపుకి కాస్త దగ్గరలో, పొగకి దూరంగా కూర్చోవాలి. బయల్దేరేటప్పుడు కూడా మొదటి పది పదిహేను నిమిషాలు నడకే. ఇంకో సంగతి: ఒకసారి బిగుసుకుని వదిలాక సుమారు సగం మందికి గంట నుంచి మూడు గంటల దాకా మళ్ళీ అంత గట్టిగా బిగుసుకోదు, డాక్టర్లు దీన్ని రిఫ్రాక్టరీ పీరియడ్ అంటారు. చిన్న రేసుల ముందు గట్టి వార్మప్ చేయించి ఆ వెసులుబాటుని కావాలని తెప్పించుకునేవాళ్ళున్నారు. అల్ట్రాలో దాని మీద ఆశ పెట్టుకోలేం, నిద్రపోయి లేచేసరికి అది అయిపోతుంది.

ఇక తెల్లవారుజాము. ఉబ్బసం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది పుస్తకాలు చెప్పక్కర్లేదు, మూడు నాలుగు గంటలకి అమ్మో తాతో మంచం మీద లేచి కూర్చుని ఎగపోస్తూ ఉండటం చూసే ఉంటారు. శరీర గడియారం ప్రకారం నాళాలు ఎక్కువగా సన్నబడేది నాలుగింటి చుట్టూనే. బయట చలి బాగా ముదిరే సమయం కూడా అదే, నిద్ర ముంచుకొచ్చే సమయమూ అదే. ఇంగ్లండ్‌లో జనవరి అంటే పదహారు గంటల చీకటి. వీలైతే ఆ మూడు నుంచి ఐదు మధ్య గంటల్ని చెక్‌పాయింట్‌లో నిద్రకి వాడుకునేలా ప్లాన్ వేసుకోవడం తెలివైన పని. మన గడియారం వాళ్ళకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి రెండు రోజుల ముందు దిగినవాడికి ఈ "నాలుగింటి ఎగపోత" అక్కడి అర్ధరాత్రికి ముందే రావచ్చు, వారం ముందు వెళ్తే మంచిది.

పంపుల లెక్క

మందుల దగ్గర మనవాళ్ళు రెండు రకాలు. ఒకరు మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొరమీను మింగి ఏడాదంతా నిశ్చింత అనుకునేవాళ్ళు. ఇంకొకరు బ్యాగులో అస్థాలిన్ పంపు ఉంటే చాలనుకునేవాళ్ళు. అస్థాలిన్‌లో ఉండే సాల్బ్యుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే, నాళాల వాపు మీద దానికి పట్టు లేదు. వాపు తగ్గించేది బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. 2019 నుంచి జినా (ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు పెద్దవాళ్ళకి సాల్బ్యుటమాల్ ఒక్కదాని మీదే బండి నడపొద్దని స్పష్టంగా చెబుతున్నాయి, స్టెరాయిడ్, నాళాల్ని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిపిన పంపుని రోజువారీకీ అవసరానికీ కూడా వాడొచ్చని అంటున్నాయి. ఫోరాకార్ట్ లాంటివి ఆ కోవలోవే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. ఆస్పత్రిలో ఎగపోతకి ఇచ్చే ప్రెడ్నిసలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములైతే, పీల్చేది 400 మైక్రోగ్రాములు, అంటే వందో వంతు.

ఈ మందుకి పరుగు బిగుతుని తగ్గించడానికి వారాలు కావాలి. రేస్‌కి వారం ముందు గుర్తొచ్చి మొదలుపెడితే లాభం లేదు, కనీసం నెల, నెలన్నర ముందు నుంచీ రోజూ పడాలి. రేస్‌లో ఇంకో చిక్కు, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి అని రాసిస్తారు, అక్కడ పొద్దునా రాత్రీ ఉండవు. నిద్రకి ముడిపెట్టకుండా వాచ్‌లో పన్నెండు గంటలకో అలారం పెట్టుకోవాలి. పీల్చాక నోరు పుక్కిలించకపోతే నోట్లో పూత వస్తుంది, గడ్డకట్టే నీళ్ళతో పుక్కిలించడం ఎవరికి ఇష్టం, అందుకే తినే ముందు పీల్చి ఆ తర్వాత సూప్ తాగితే పని జరిగిపోతుంది.

అవసరానికి వాడే సాల్బ్యుటమాల్‌ని బయల్దేరడానికి పావుగంట ముందు పీలిస్తే రెండు నుంచి నాలుగు గంటలు కాపు కాస్తుంది. ప్రతి చెక్‌పాయింట్ దగ్గరా రెండు పఫ్‌లు వేసుకుంటూ పోవడం మాత్రం మంచిది కాదు. రోజూ వాడేకొద్దీ దాని రక్షణ తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, రక్తంలో పొటాషియం పడిపోతుంది, అసలే నిద్రలేని గుండె మీద అదొక బరువు. డోపింగ్ నిబంధన కూడా ఒకటుంది. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) లెక్క ప్రకారం పీల్చే సాల్బ్యుటమాల్ 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. పఫ్‌కి 100 చొప్పున ఎనిమిది గంటల్లో ఆరు పఫ్‌లు. ఫార్మోటెరాల్‌కి 24 గంటల్లో లోపలికి చేరే మోతాదు 54 మైక్రోగ్రాములు. పీల్చే స్టెరాయిడ్‌కి అడ్డు లేదు కానీ, మాత్రగా మింగే ప్రెడ్నిసలోన్ పోటీ జరుగుతున్నంతసేపూ నిషిద్ధం, మినహాయింపు పత్రం ఉంటే తప్ప. ప్రాణం మీదకి వస్తే ముందు మాత్ర, తర్వాత పత్రం, దాని గురించి ఆలోచించడానికి ఏమీ లేదు. మాత్ర వేసుకోవాల్సి వచ్చిందంటే రేస్ ఎలాగూ అయిపోయినట్టే. మోంటెలుకాస్ట్ అనే మాత్ర కొందరికి పనికొస్తుంది. నిద్ర, మనసు మీద అది చూపించే ప్రభావాల గురించి 2020లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక వేసింది, కొత్తగా రేస్‌లో మొదలుపెట్టే మందు కాదు.

చలిలో పంపు కూడా మొరాయిస్తుంది. డబ్బాలో మందుని బయటికి తోసేది పీడనంలో ఉన్న వాయువు, చల్లబడితే ఆ పీడనం తగ్గిపోతుంది, నొక్కితే మందు సరిగ్గా రాదు. రన్నింగ్ వెస్ట్ ముందు జేబులో పెట్టుకునేది బెజవాడలో సరే, అక్కడ లోపలి పొరలో, ఒంటికి ఆనుకుని ఉండాలి. నీళ్ళలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మకండి, ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే కౌంటర్ ఉన్నదే కొనండి. రెండు పంపులు ఉండాలి, ఒకటి ఒంటి మీద, ఒకటి నిర్వాహకులు చెక్‌పాయింట్లకి చేర్చే డ్రాప్ బ్యాగులో. క్యాప్సూల్ గుచ్చి పీల్చే రోటాహేలర్ చలిని తట్టుకుంటుంది గానీ తేమని తట్టుకోదు, తడి చేతులతో, మూడు పొరల గ్లవుజులతో ఆ చిన్న క్యాప్సూల్‌ని పట్టుకోవడం ఎంత సరదాగా ఉంటుందో ఇంట్లో ఒకసారి వంటగది గ్లవుజులు వేసుకుని ప్రయత్నించండి. పంపుకి తగిలించే గొట్టం, స్పేసర్, పెద్దగా ఉంటుందని ఇంట్లో వదిలేస్తారు. దాని కడుపులో సాక్సులు కుక్కి ప్యాక్ చేస్తే చోటు మిగులుతుంది, ఊపిరి అందని స్థితిలో పంపుకీ పీల్పుకీ సమన్వయం కుదరదు కాబట్టి అప్పుడు పనికొచ్చేది అదే.

మూతికి కట్టుకునే బఫ్ అనే గొట్టం గుడ్డ అన్నిటికంటే చవకైన పరికరం. వదిలిన ఊపిరిలోని తేమని, వేడిని పట్టి ఉంచి తర్వాతి ఊపిరికి అందిస్తుంది. మన పెద్దవాళ్ళ మఫ్లర్, మంకీ క్యాప్ బెజవాడ జనవరికి ఎంత నవ్వు తెప్పించినా సూత్రం సరైనదే. ఒకటి సరిపోదు, గంటా రెండు గంటల్లో తడిసి గడ్డకట్టి అట్టలా తయారవుతుంది, ఇంకొకటి జాకెట్ లోపల ఆరుతూ ఉండాలి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య సున్నాకి కింద 20 డిగ్రీలు దాటితే క్రాస్ కంట్రీ పోటీలు పెట్టదు, యూకాన్ లాంటి వాటికి దరఖాస్తు చేసే ముందు ఈ మాట గుర్తు పెట్టుకుంటే మంచిది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సున్నా చుట్టూ తిరిగే ఇంగ్లండ్ తడి చలే నయం.

నొప్పి మాత్రల సంగతి. మన రన్నర్ల జేబుల్లో కాంబిఫ్లామ్, బ్రూఫెన్, వోవెరాన్ ఉండటం మామూలే. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో నూటికి ఏడుగురికి అటూఇటూగా ఆస్పిరిన్ జాతి మందులు పడవు, వేసుకున్న గంట రెండు గంటల్లో ముక్కు కారి ఛాతీ మూసుకుపోతుంది. ముక్కులో పాలిప్స్ (కండ పెరగడం) ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. పైగా నీళ్ళు తక్కువై, కండరాలు నలిగి ఉన్నప్పుడు అవి కిడ్నీలకి కూడా చేటు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. మైగ్రేన్‌కో టెన్షన్‌కో ప్రోప్రనలాల్ వాడేవాళ్ళు ఉంటే అది నేరుగా నాళాల్ని బిగిస్తుంది, డాక్టర్‌తో మాట్లాడకుండా రేస్ ఆలోచనే వద్దు.

ఎప్పుడు ఆపాలి? ఇది ముందే, ఇంట్లో, బుర్ర పనిచేస్తున్నప్పుడు రాసుకోవాల్సిన విషయం, ఎందుకంటే మూడో రాత్రి అందరూ "ఇంకొక్క చెక్‌పాయింట్" అనే అంటారు. పీక్ ఫ్లో మీటర్ అని ప్లాస్టిక్ గొట్టం మందుల షాపుల్లో దొరుకుతుంది. బాగున్న రోజుల్లో రెండు వారాలు ఊది మన గరిష్ఠం ఎంతో తెలుసుకోవాలి. దానిలో 80 శాతం పైన ఉంటే పర్వాలేదు, 50 నుంచి 80 మధ్య ఉంటే పంపు వేసి, కూర్చుని, మళ్ళీ చూడాలి, 50 కింద అయితే అక్కడున్న వైద్యుడికి చెప్పి రేస్ ఆపాలి. చెక్‌పాయింట్‌లోకి వచ్చిన వెంటనే ఊదితే తక్కువే వస్తుంది, అరగంట తర్వాత ఊదింది లెక్క. నాలుగు గంటలు తిరగకముందే పంపు మళ్ళీ అవసరమైతే అది పరుగు బిగుతు కాదు, జబ్బు తిరగబెడుతోంది. వాక్యం పూర్తి చేయలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఇందాకటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోవడం, వీటిలో ఏది వచ్చినా చెక్‌పాయింట్ దాకా నడుద్దామనుకోకుండా ఉన్నచోటే, రేస్‌లో మన మీద ఉండే జీపీఎస్ ట్రాకర్‌లో సాయం బటన్ నొక్కాలి. ఆ కొండల్లో మనిషి మన దగ్గరికి రావడానికి గంటలు పట్టొచ్చు. మెడికల్ ఫారంలో ఉబ్బసం దాచేవాళ్ళు ఉన్నారు, ఎంట్రీ ఇవ్వరేమోనని. సాయానికి వచ్చినవాడికి మన జబ్బేంటో తెలియకుండా చేసుకోవడం తప్ప దాంతో సాధించేది ఏమీ లేదు.

రేస్‌కి ముందు జలుబు చేస్తే నాళాల ఉలికిపాటు వారాల పాటు ఉంటుంది, ఆరు వారాలు కూడా పట్టొచ్చు. ముక్కు కారడం ఆగింది కదా అని చాలదు, పీక్ ఫ్లో మామూలు స్థాయికి వచ్చిందా అన్నదే చూడాలి.

ఆయాసమంతా ఉబ్బసం కాదు కూడా. ఊపిరి వదిలేటప్పుడు కూత వస్తే ఉబ్బసం అనుకోవచ్చు. పీల్చేటప్పుడు గొంతు దగ్గర శబ్దం వచ్చి, వేగం తగ్గించిన ఐదు నిమిషాల్లో మాయమై, పంపుకి ఏమాత్రం లొంగకపోతే అది స్వరపేటిక మూసుకోవడం, దాని చికిత్స వేరు. సందక్‌ఫు లాంటి చోట్ల 2,500 మీటర్లు దాటాక కూర్చున్నా ఆయాసం, పడుకుంటే ఇంకా ఎక్కువ, ఛాతీలో గురగుర, నురగ కఫం కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు పంపు కొడుతూ కూర్చుంటే ప్రాణం పోతుంది, వెంటనే కిందికి దిగాలి. ఎత్తుల్లో దుమ్ము పురుగులు తక్కువ, గాలి పల్చన, అందుకే ఉబ్బసం ఉన్న కొందరికి అక్కడ మొదట హాయిగానే ఉంటుంది, ఆ హాయి చూసి తొందరగా ఎక్కేస్తే ఈ ముప్పు.

ఇంటికొచ్చాక వారం పది రోజులు దగ్గు మామూలే. ఆ రోజుల్లో పీల్చే స్టెరాయిడ్ ఆపకూడదు, పరుగు మొదలుపెట్టే తొందర కూడా వద్దు, ఊరి పొగ, దుమ్ము ఆరిన నాళాల మీద మామూలు కంటే గట్టిగా పడతాయి. కఫం రంగు మారి జ్వరం వస్తే నెమ్ము అయి ఉండొచ్చు, ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గలేదంటే "రేస్ దగ్గే, ఉబ్బసమేగా" అని సరిపెట్టుకోకండి, మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయించాలనేది నియమం, గవర్నమెంటు ఆస్పత్రిలో ఆ కఫం పరీక్ష ఉచితం.